చుక్కల గీత

గ్యూమ్రీలో ఆ చలికాలం మా బడి ఒక ఇనప డబ్బా.
భూకంపం తర్వాత తాత్కాలికమని తెచ్చి దింపారు.
ఏడేళ్లయింది,
తాత్కాలికమన్న మాటకి కూడా తుప్పు పట్టింది.

ఎవరో దానమిచ్చిన కంప్యూటర్.
దాంతోపాటు బయల్దేరిన ప్రింటర్ దారిలోనే పోయింది.
దానికోసం పెట్టిన పోర్టు మాత్రం వెనకాల
ఇరవై అయిదు నోళ్లూ తెరుచుకుని ఉంది.

రెండో రంధ్రంలో ఒక తీగ, ఇరవై అయిదో దాంట్లో ఇంకొకటి.
నడుమ పసుపు, ఊదా, గోధుమ చారల బుల్లి రెసిస్టర్,
చచ్చిన రేడియోలోంచి పీకిన ఎర్ర దీపం,
కందిగింజంత.

"888కి 1 పంపు" అని పలక మీద రాశాను.
నొరాయిర్‌కి వినపడదు; మా మాటలన్నీ సుద్దముక్కవే.
పంపాడు. వెలగలేదు.
మళ్లీ పంపి నావైపు చూశాడు.
దీపానికి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి.
తిరగేసి గుచ్చింది నేనే,
పదిహేనేళ్లుగా ఇదే పాఠం చెబుతున్న నేను.

వెలిగాక ఇక ఆపలేదు వాడు.
ఒకటి. సున్నా. ఒకటి. సున్నా.
పక్క డబ్బాలో శుషానిక్ కుర్చీ కాలు విరిచి పొయ్యిలో పెట్టింది,
గోడ ఇవతల మాకూ కాస్త వెచ్చబడింది.

తర్వాత తనే మూడు వరసలు రాసుకున్నాడు:
వెలిగించు, ఆర్పు, మళ్లీ మొదటికి పో.
దీపం రెప్ప వెయ్యడం మానేసింది.
కొంచెం మసగ్గా, అలాగే చూస్తూ ఉండిపోయింది.
"తప్పు" అని రాశాను, "మధ్యలో ఆగమని చెప్పలేదు నువ్వు."
వాడు తల అడ్డంగా ఊపాడు.
పిడికిలి తెరిచి మూశాడు, తెరిచి మూశాడు,
ఆరుతోంది, వెలుగుతోంది అని.
నేను నవ్వాను, టీచర్లు నవ్వే నవ్వు.

లేచి కిటికీకి దుప్పటి కప్పాడు.
తెర ఆర్పేశాడు.
తీగలు పట్టుకుని దీపాన్ని చీకట్లో
ఈ చివరినుంచి ఆ చివరికి విసిరాడు.

కుట్టుమిషను నడిచినట్టు
గాలిలో ఎర్రటి కుట్లు.
కుట్టుకీ కుట్టుకీ మధ్య
అంతే పొడుగు చీకటి.

సుద్దముక్క నా చేతిలోనే ఉంది.
ఏం రాయాలో తేల్చుకునేలోపు ఆరయింది,
రోజూలాగే కరెంటు పోయింది.
ఫ్యాన్ మూలిగి ఆగింది. పలక లేదు, ముఖాలు లేవు.

తడుముకుంటూ నా అరచెయ్యి లాక్కున్నాడు.
వేలితో రాశాడు
ఒకటి, సున్నా, ఒకటి, సున్నా,
మధ్యమధ్య బాగా ఆగుతూ,
నాలాంటి వాళ్లకి తెలిసేట్టు.