నడిమి నట్టు

ఆటోనగర్ మూడో గల్లీకి పొద్దుగాలే వచ్చింది ఇండికా,
ఎనుమాములకు మిర్చి బస్తాలు మోసీ మోసీ
ఎడమ భుజం కుంగి.
గుంత దాటినప్పుడల్లా లోపలెవరో తలుపు కొట్టినట్టు
టక్ టక్.

టైరు ఊడగొట్టి లోపలికి తొంగిచూసి
రెండుసార్లు తుమ్మిండు యాకయ్య ఉస్తాద్.
చక్రం గూట్ల నిరుటి కారం.

"వెనక టైర్లకు రాళ్లు పెట్టినవా?"
పెట్టిన.
"జాకీ మీదనే ఉంచినవా?"
లే, స్టాండు ఏసిన.
"జాకీ లేపనీకే." అంతే అన్నడు,
బీడీ చెవి సందుల చెక్కుకున్నడు.

బోల్టు తల పక్కన సుద్దతోని గీత గీసిన.
బ్రేకు పైపు క్లిప్పు తప్పించి
బరువు దాని మీద పడకుంట తీగతో కట్టిన.
బానెట్ కింద మూడు నట్లు.
ఆఖరుది తిప్పేటప్పుడు అడుగున ఒక చెయ్యి ఉండాలె,
నిద్రపోయిన పిల్లను బస్సు దించినట్టు
మెల్లగ దించుకున్న.

నడుమ ఇంకో నట్టు.
"దాని జోలికి పోకు, స్ప్రింగు బిగియ్యకముందు."
ఎందుకని అడగలే.
అయినా ఎడమ చెయ్యి చాపిండు. మూడే వేళ్లు.
"పర్కాల్ల. పంతొమ్మిదేండ్లు నాకు.
చాయ్ తాగొచ్చి, ఏదో యాదిల ఇప్పిన.
రేకుల కప్పుకు ఇంకా ఉంటది ఆ బొక్క."

ఎదురెదురుగ రెండు క్లాంపులు.
ఇటు రెండు సుట్లు, అటు రెండు సుట్లు.
మొకం పక్కకు.
స్ప్రింగు చేతికి వదులుగ తిరిగేదాంక
ఊపిరి కూడా అట్లనే, కొంచెం కొంచెం.

బండి గొట్టె సమ్మయ్యది.
"ఒక్క దిక్కే ఎయ్యిండ్రి, సరుకు అమ్ముడుపోలే."
"ఒక్క కాలికే కొత్త చెప్పు తొడుగుతవా?
పైసలు పంట మీద ఇయ్యి."
సమ్మయ్య నా దిక్కు చూసిండు.
"కుడిది ఈ పోరి ఇప్పుతదా?"

ఉస్తాద్ జవాబియ్యలే.
బీడీ ముట్టించుకొని గోడవతలికి పోయిండు.
పొగ మాత్రం గోడ మీదికెళ్లి కదలలేదు
నేను నడిమి నట్టు ఇప్పేదాంక.

కొత్తదాని గాడిల స్ప్రింగు కొస కూసోబెట్టి
పై నట్లు ముందు వేళ్లతోనే ఎక్కిచ్చిన,
పానా తర్వాత.
సుద్దగీత మీదికి గీత వచ్చింది.

ములుగు రోడ్డు స్పీడ్ బ్రేకర్ దాటి వచ్చిండు సమ్మయ్య.
ఏమనలే. అలైన్‌మెంటు షాపు ఎటని అడిగిండు.

రాత్రి అన్నం కలుపుతుంటే
వేళ్లు లెక్కపెట్టుకున్న.
పది.
అన్నీ మండుతున్నయి కారానికి.