పదకొండు మార్కులు

షాబ్లీలో, నేలమాళిగలో
ఆరు గ్లాసులు. అన్నీ షార్డనేలే.
చెవి మీద పెన్సిల్‌తో ఒదీల్.

రెండువేల మూడు: ఎండలు మండిన ఏడు.
లావుగా, తియ్యగా, దేనికీ ఎదురు చెప్పని వైను.
ఇరవైకి పదమూడు వేసి
బకెట్లో ఉమ్మేసింది.

రెండువేల పదికి పదిహేడు.
మెచ్చుకోలేదు గానీ
గ్లాసు ఓ పట్టాన కింద పెట్టలేదు.

ఇక తొంభై ఒకటి.
ఏప్రిల్ మంచుకు మొగ్గలు మాడిపోతుంటే
సాళ్ళ మధ్య తెల్లవార్లూ కుంపట్లు రాజేసిన ఏడు.
పాత పుస్తకంలో తన రాతే:
"పళ్ళు పులిశాయి. పదకొండు."

ఇవాళ వాసన చూసింది.
తడిసిన సున్నపురాయి, మైనం,
అడుగున ఇంకా ఆ పులుపే.
మింగేసింది.

అంకె కొట్టెయ్యలేదు. పక్కన
ఇవాళ్టి తేదీ వేసి ఊరుకుంది.

"మారింది ఇదా, నేనా?"
గ్లాసులు కడిగే నన్నడిగితే ఏం చెప్పను?
ఆ పదకొండు వేసేనాటికి
నాకింకా పళ్ళే రాలేదు.