మూడు వేళ్ల కన్ను

గుణుపురం పాత బజారులో మా కొట్టుకి బోర్డు లేదు.
వల దారం, సీసం గుళ్లు, గేలాలు, బెండు బిళ్లలు,
పై అరలో దోమతెరలు.
ఏది ఎక్కడుందో నా మోచేతికి తెలుసు,
ఎంతుందో మాత్రం పుస్తకానికే తెలుసు.

సంత సద్దుమణిగే వేళకి
ఎస్తేరు రైకా వస్తుంది.
చదువు బరంపురంలో, పని వంశధారలో.
ఐసు కరిగిన థర్మోకోల్ పెట్టె
నా తక్కెడ పక్కన దించి
"మౌసీ, కాస్త బల్ల ఇస్తావా?" అంటుంది,
సగం ఒడియా, సగం నా తెలుగు.

పరిగెలు. తనకవి కెరాండి.
పెద్ద చదువులో ఇంకో పొడుగు పేరుందట,
పలకబోతే గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టయింది.
ఎడమ పక్క పైకొచ్చేలా పడుకోబెట్టి
స్టీలు కాలిపర్ దవడల మధ్య
మూతి నుంచి తోక మొదలు దాకా,
వీపు ఎత్తు, కంటి అడ్డకొలత,
పక్కగీత మీద పొలుసులు ఎన్నో సూదిమొనతో లెక్క.
వేలెడు చేపకి ఇరవై రెండు అంకెలు!
జాకెట్లు కుట్టే దండాసి కూడా
నాకు ఆరుకి మించి తియ్యడు.

"పాత సీసాల్లోవి ఇంతకంటే లావు, మౌసీ."
ఎందుకూ?
"తెలీదు. ఇన్ని చేపలు చాలవంటారు మా సారు."

మార్చి నెలాఖరు.
నేను సరుకు చదువుతున్నాను, తను టిక్కు పెడుతోంది.
ఊరికే కూర్చోలేదు ఆ పిల్ల.
పాత పుస్తకాలు దించింది, చెదలు దులిపింది,
మా మామగారి గొలుసుకట్టు రాత దగ్గర ఆగింది.
"ఇదేంటి?"

మూడు వేళ్ల కన్ను వలలు. తెచ్చినవి పన్నెండు, మిగిలింది ఒకటి.
నేను కాపరానికొచ్చిన ఏడు, రెండు వేళ్ల కన్ను.
వరదొచ్చి వంతెన కోసిన ఏడు, వేలు కన్ను.
పెద్దాడికి పళ్లూడే నాటికి, చిటికెన వేలు.
అక్కణ్ణించి నా రాతలోనే
దోమతెరలు: తెచ్చినవి వంద, మిగిలినవి నాలుగు.

ఊళ్లో అన్ని దోమలున్నాయా అని
కొనేవాళ్లని నేనెప్పుడూ అడగలేదు.
అడిగిన సరుకు తెప్పించు, అడగనిది తగ్గించు అని
మామగారు నేర్పింది అంతే.
ఇంట్లో పొయ్యి దాంతోనే వెలిగింది.

"ఏడాది వారీగా ఇవన్నీ రాసుకోనా?"
రాసుకో, అన్నాను. దాచిన లెక్క కాదు కదా.
రాస్తూ రాస్తూ తను మాట మానేసింది.
పెన్ను మూత పళ్ల మధ్య నలుగుతోంది.
బల్ల మీద పరిగెలు ఆరిపోతుంటే
లేచి నేనే నీళ్లు చిలకరించాను.

ఆ మిగిలిన ఒక్క వలా మేకుకి వేలాడుతోంది.
కొట్టెయ్యండమ్మా, చచ్చిన సరుకు, అంటాడు
లెక్కలు చూసే నరహరి పట్నాయక్, ఏటేటా.
ఏటేటా నేను 'ఒకటి' అనే రాయిస్తాను.
ఎందుకో ఆయనకి చెప్పలేదు,
నాకూ సరిగ్గా తెలీదు.

ఎస్తేరు దాన్ని దింపింది.
ఒక కన్నులోకి మూడు వేళ్లు దూర్చి చూసి,
కాలిపర్ పెట్టి,
యాభై రెండు పాయింటు నాలుగు అంది.
చేపల కాగితంలోనే, చివర, ఇరవై మూడో గడిలా
ఆ అంకె వేసుకుంది.
బల్ల మీద ఉన్నవన్నీ కలిపి కట్టగడితే
ఆ కన్నులోంచి ఒరుసుకోకుండా జారిపోతాయి.

అంతలో గడప దగ్గర ఎవరో,
తడి లుంగీ, బురద కాళ్లు.
"దోమతెర ఉందా, సావుకారమ్మా?"
ఎస్తేరు తల ఎత్తలేదు.
నా చెయ్యి అలవాటుగా పై అర వైపు లేచింది.

లెక్క నడుస్తోంది, రేపు రా, అన్నాను.

రేపూ నాలుగే ఉంటాయి.