అట్టముక్క మీద చుక్కలు

మూడో శీతాకాలం ఇది, నా నీవా కారుతూ.
ఆగిన చోటల్లా ఒక నల్లని నాణెం వదిలిపోతుంది,
ఎవరికో బాకీ ఉన్నట్టు.

రైలు గేటు దగ్గరి జుంబెర్
గేర్‌బాక్స్ దించి వెనక సీలు మార్చాడు.
నెల తిరక్కుండా మళ్లీ నల్లబడింది నేల.
మళ్లీ దించాడు. మళ్లీ మార్చాడు.
రెండోసారి డబ్బు లెక్కపెట్టుకుంటూ
"పాత బండి కదా, ముసలాళ్లకి ముక్కు కారదా" అన్నాడు.

చియాతూరా కొండ మీద, తీగబళ్లు ఆగిపోయిన స్టేషను వెనక
ఎతేరి షెడ్డు.
ఒకప్పుడు ఆ తీగబళ్ల మోటార్లు తనే చూసేదట.
నన్ను పలకరించలేదు. బానెట్ ఎత్తి
బండిని పలకరించింది.

"ముందు దీనికి స్నానం."
కిరోసిన్, బ్రష్షు, పాత దుప్పటి గుడ్డ.
పదేళ్ల మడ్డి పెళ్లలు పెళ్లలుగా రాలితే
నా ఇంజను రంగేమిటో అప్పుడు తెలిసింది నాకు.
"వెనక ఏముంది?"
"రొట్టెలు. ఒక పిండి బస్తా."
"పిండి తే."

పసిపిల్లకి పౌడరు అద్దినట్టు
గుప్పెడు మైదా ఇంజను మీద అద్ది
కొండ కొసదాకా ఎక్కి దిగి రమ్మంది.

వచ్చాక టార్చి పట్టుకుని చదివింది
పిండి మీది తడి గీతల్ని.
"నూనె పడేది కింద, పుట్టేది పైన.
దారిలో గాలి వెనక్కి తోస్తుంది.
చుక్క దగ్గర వెతకడమంటే
ఏరు కలిసే చోట నిలబడి ఊట కోసం తవ్వడమే."

నాలుగు చోట్ల తడి:
కవరు అంచున, పెట్రోలు పంపు మొదట్లో, వెనక సీలు కింద,
ఆఖరికి నూనె కొలిచే పుల్ల కూడా
దాని గూట్లోంచి రెండు వేళ్లు పైకి లేచి ఉంది.
"ఒకచోట కారితే సీలు తప్పు.
ఇన్నిచోట్ల కారితే లోపల్నుంచి ఎవరో తోస్తున్నారు."

నూనె పోసే మూత తీసి
ఆ నోటికి అంట్లు తోమే రబ్బరు తొడుగు తొడిగింది.
ఇంజను వెలగ్గానే
ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.
బొటనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది.
నా బండి నాకు చెయ్యెత్తి చూపించింది,
ఆపమనో, కాపాడమనో.

"పిస్టన్లు పోయాయా?" నా గొంతు నాకే వినపడలేదు.
జవాబు లేదు. ప్లగ్గులు విప్పి, గేజి పెట్టి,
ఒక్కో సిలిండరు ఒత్తిడీ సుద్దతో గోడ మీద రాసింది.
పదకొండు. పదకొండు. పదిన్నర. పదకొండు.
"ఊపిరితిత్తులు గట్టివే.
జుంబెర్‌కి చెప్పు, ముక్కు కారడం కాదు, మూసుకుపోయిందని."

గాలి గొట్టం విప్పింది. లోపలి జల్లెడ నిండా
పాలు ఎక్కువైన కాఫీ రంగులో మీగడ.
"రోజూ ఎంత దూరం తోల్తావ్?"
"కొట్టు నుంచి బడికి. బడి నుంచి ఆసుపత్రికి.
మూడు కిలోమీటర్లు."
"వేడెక్కకముందే ఆర్పేస్తావ్. ఆ చెమ్మ ఎక్కడికి పోవాలి?"

సిగ్గేసింది.
ఇరవై రెండేళ్లుగా నా మట్టి పొయ్యి అడుగున
గాలి కన్నంలోంచి బూడిద లాగుతున్నవాణ్ణి.
ఒక్కరోజు మరిచిపోతే
పొగ గోడ పగుళ్లలోంచి వస్తుందని తెలిసినవాణ్ణి.
ఆ పగుళ్లకి మట్టి మెత్తి ఊరుకునే కుర్రాణ్ణి
ఆ పూటే పనిలోంచి తీసేసేవాణ్ణి.
జుంబెర్‌కి మాత్రం రెండుసార్లు డబ్బిచ్చాను.

జల్లెడని పెట్రోల్లో ముంచి, ఊది, మళ్లీ ముంచి,
కన్నాలన్నిట్లోంచీ కిటికీ కనపడేదాకా కడిగింది.
మళ్లీ తొడుగు. మళ్లీ ఇంజను.
ఈసారి వేళ్లు లేవలేదు.
మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి,
నిద్రలోకి జారే పిల్లాడి పిడికిలిలా.

డబ్బు తీసుకుంది. పైన రెండు రొట్టెలు కూడా అడిగింది.
"ఆ సీలు ఇప్పటికే దెబ్బతింది. ఒకటో అరో చుక్క ఉంటుంది.
కింద అట్టముక్క పరిచి లెక్క రాయి."

రాస్తున్నాను.
సోమవారం ఏడు. బుధవారం మూడు. నిన్న ఒకటి.
ఇవాళ ఆసుపత్రిలో రొట్టెలిచ్చి ఇంటికి మళ్లకుండా
క్విరీలా నది వెంట ఇరవై కిలోమీటర్లు ఊరికే తోలాను,
అద్దం దించి, ఆ చలిలో.
సూది మధ్య గీత దాటాక ఇంకొంచెం దూరం.

ఇంటికొచ్చి చాలాసేపయింది.
అట్టముక్క ఇంకా చూడలేదు.