పగిలేవి కావాలట

ఏడేళ్ళు వాళ్ళు సరిగ్గా కోతల వేళకే వచ్చారు.
మనం విత్తేదాకా ఓపిక పట్టే శత్రువు
కరువు కంటే తెలివైనవాడు.
ఒంటెల మెడల్లో బంగారు నెలవంకలు గలగలమనేవి.
ఆ చప్పుడు వినగానే హొగ్లా
గోధుమల్ని గుహలోకి, పిల్లల్ని గోధుమల వెనక్కి తోసేది.
నేను సారె ఆపి, చేతికంటిన మట్టితోనే పరిగెత్తేవాణ్ణి.
తిరిగొచ్చేసరికి ఆవంలో బూడిద,
వాకిలి నిండా పెంకులు.

ఈసారి కొమ్ముబూర మావైపు నుంచి మోగింది.
వెళ్ళాను.
మనష్షే గోత్రంలో పుట్టి ఇంట్లో ఎలా కూచుంటాం?
హరోదు బావి చుట్టూ ముప్పై రెండు వేలమందిమి.
ఎదుటి లోయలో మిద్యానీయులు.
వాళ్ళెంతమందో
మిడతల్ని లెక్కపెట్టగలవాణ్ణి అడగండి.

అప్పుడు చాటింపు వేశారు:
భయపడేవాడు ఇంటికి పోవచ్చు.

అంత మర్యాదగా నన్నెవరూ ఎన్నడూ పిలవలేదు.

ఇరవై రెండు వేలమందిమి కొండ దిగాం.
ఒకడి మొహం ఒకడు చూడలేదు.
చెప్పుల చప్పుడు, దగ్గు,
ఎవడో నవ్వబోయి మానేయడం.
నా ముందువాడి మెడమీద పాత గాయమొకటి ఉంది,
దాన్నే చూస్తూ ఇల్లు చేరాను.
హొగ్లా ఏమీ అడగలేదు.
గిన్నెలో చిరుశనగల పులుసు పోసి
ఉప్పు నా చేతికందేలా జరిపింది.
తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దువాలే వేళ ఒక కుర్రాడు వచ్చాడు.
పేరు యాషూబు. గడ్డమింకా రాలేదు, వీపున బూర.
"కుండలు కావాలి పెద్దయ్యా, ఖాళీవి."
నీళ్ళకా?
"కాదు." కాసేపు తటపటాయించాడు.
"సులువుగా పగిలేవి కావాలట."

మట్టి తొక్కేటప్పుడూ, ఆవం మూసేటప్పుడూ
నలభై ఏళ్ళుగా నేను వేడుకున్నది ఒక్కటే:
పగలకుండా చూడు స్వామీ.

ఎంతమంది మిగిలారురా?
"మూడు వందలు."
ఎక్కువమంది గెలిస్తే గెలుపు మాదే అనుకుంటామని
దేవుడే తగ్గిస్తూ పోయాడట.
ఏ సంతలోనూ చూడలేదిలాంటి బేరం,
కొనేవాడే తూకం తగ్గించమనడం.

మూల దాచినవి బయటికి తీశాను,
సిగ్గుపడి ఎవరికీ చూపనివి:
మెడ వంకరది, కడుపు పలచనిది,
గాలివాన రాత్రి ఆవంలో సగమే కాలినవి.
పంతొమ్మిది.
గాడిదకు కట్టాను. ధర అడగడానికి నోరు రాలేదు.
తాడు బిగిస్తుంటే వాణ్ణి అడిగాను,
నీకు భయం లేదా?
"ఉంది. చాటింపు వేసినప్పుడు నిద్రపోతున్నాను."

ఆ రాత్రి మిద్దెమీద పడుకున్నామే గాని కన్ను మూయలేదు.
నడిజామున, కావలి మారే వేళ,
లోయలో ఒక్కసారిగా ఏదో విరిగింది.
ఉరుమనుకుంది హొగ్లా.
నాకు తెలుసు.
కుమ్మరి చెవికి మట్టి పగలడం తెలియకపోతుందా!
మూడు వందలింటిలో నా పంతొమ్మిదీ వేరుగా విన్నానంటే అబద్ధం.
విన్నాననే అనిపించింది.
ఆ వెంటనే చీకట్లో గుడారాల చుట్టూ దివిటీలు,
బూరలు, ఒంటెల అరుపు,
ఒకరినొకరు నరుక్కుంటూ పారిపోయే దండు.
నేను దుప్పటి గట్టిగా పట్టుకుని కూచున్నాను.

వారం తర్వాత గంప తీసుకుని లోయలోకి దిగాను.
పెంకుల్లో లోపలివైపు మసి.
ఒకదాని అంచున నా బొటనవేలి ముద్ర.
యాషూబు గురించి అడిగాను.
యొర్దాను దాటి తరుముతున్నారన్నారు.
ఇంకా ఎవరూ తిరిగి రాలేదు.

ఆ పెంకుమీదే హొగ్లా
పొరుగింటి నుంచి రోజూ నిప్పు తెస్తుంది.
నా చేతులు ఇప్పటికీ వణుకుతాయి,
తడిమట్టి పెడితే కాసేపు ఆగుతాయి.
ఈ ఏడు గోధుమలు గుహలో దాచలేదు.
వాకిట్లో, ఎండలో, అందరికీ కనబడేలా పోశాం,
ఎక్కడో గలగలమన్నట్టు అనిపించి
మధ్యమధ్య తలెత్తి చూస్తూనే.