ఖాళీ పీపా

కహాయాన్ నది ఒడ్డున నాది సీసాల కొట్టు.
కూల్‌డ్రింకుల పాత సీసాల్లో డీజిలు నింపి
బల్ల మీద వరసగా పేరుస్తాను.
మామూలు రోజుల్లో ఎండ వాటిలోంచి దూరి
చెక్క మీద తేనె మరకలు వేసేది.
ఇవాళ పదహారో రోజు.
సూర్యుడున్నాడు గానీ
చితికిన టమాటాలా ఉన్నాడు,
కళ్లెత్తి సూటిగా చూసినా ఏమీ అనడు.

డీజిల్లో మూడోవంతు పామాయిలేనని
పోయినేడు కంపెనీ కుర్రాడు వచ్చి చెప్పాడు.
పీపాకి పచ్చటి ఆకు బొమ్మ అతికించాడు.
"ఇది నేల కింది నూనె కాదక్కా, చెట్టు మీది నూనె.
చెట్టు పీల్చిందే మళ్లీ వదులుతుంది. లెక్క సరి."
లెక్కలు నాకూ వచ్చు,
ఇరవయ్యేళ్లుగా అప్పుల పుస్తకం రాస్తున్నాను.
ఆ చెట్టు కోసం చిత్తడిని ఎండగట్టిన పద్దు
ఏ పేజీలో రాయాలో
అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా నేల మట్టి కాదు.
వేల ఏళ్లు నీళ్లలో నానిన ఆకులూ వేళ్లూ.
కాలవలు తవ్వి ఆ నీళ్లు లాగేశారు.
నివురుగప్పిన నిప్పంటారే,
మా దగ్గర నివురే నేల.
మొన్న సాలుందిక్ రబ్బరుతోటలో
గాలైనా లేకుండా ఓ చెట్టు ఒరిగింది.
వేళ్లు ఎప్పుడు కాలాయో దానికే తెలీదు.

సాలుందిక్ పడవ నాకు చెవులతోనే తెలుసు:
మూడు దగ్గులు, ఒక ఊపిరి.
నిన్న రాత్రి అవతలి ఒడ్డు నుంచి బయల్దేరాడు.
నాలుగేళ్ల పిల్లకి ఊపిరాడటం లేదని
వాళ్లావిడ ముందే ఫోను చేసింది.
ఆస్పత్రి ఇటువైపు.
టార్చి వేశాను.
వెలుగు మూడు గజాలు నడిచి ఆగిపోయింది.
ఇంజను చప్పుడు ఎడమకి జరుగుతోంది,
దుంగలు కట్టేసిన వైపు.

అరవబోయాను. నోట్లోకి పొగ వచ్చింది,
మాట రాలేదు.
ఖాళీ పీపాని పడదోసి
ఆకు బొమ్మ మీదే
తెడ్డు తిరగేసి కొట్టాను.
కొడుతూనే ఉన్నాను.
పక్క కొట్లవాళ్లు లేచి
మూకుళ్లతో, రేకులతో వచ్చారు.

ఇంజను తడబడింది.
ఆలోచించుకుంది.
ఇటు తిరిగింది.
మూడు దగ్గులు, ఒక ఊపిరి,
వాటి మధ్య ఇంకో దగ్గు,
చాలా చిన్నది.

పొద్దున్నే సాలుందిక్ రెండు సీసాలు అడిగాడు.
పిల్లకి గొట్టం పెట్టారట, నిద్రపోయిందట.
డబ్బులు తర్వాత ఇద్దువులే అన్నాను.
అలవాటు చొప్పున సీసా ఎత్తి
ఎండకి పట్టాను.
ఎండ లేదు.
అలాగే పోశాను.

సాయంత్రం కంపెనీ లారీ వచ్చింది.
సొట్టలు పడ్డ ఆకుని చూసి
కుర్రాడు మొహం చిట్లించాడు.
మిగతావన్నీ నింపమన్నాను.
దీన్ని మాత్రం వద్దన్నాను.
ఒడ్డున ఒకటైనా
ఖాళీగా ఉండాలి.