ఇబ్బంది అంటే ఎంత లోతు

నా బోర్డు మీద కన్సటెంట్ అని ఉంటది.
నడుమ అక్షరం పెయింటర్ మింగిండు.
పన్నెండేండ్లయింది, ఎవ్వలూ అడగలే.

హన్మకొండ చౌరస్తాల చెప్పుల దుకాణం మీద గది,
మెట్లు పద్దెనిమిది.
మోకాళ్లు నొచ్చేటోళ్లు కిందికెల్లి కేకేస్తరు,
నేనే దిగుత.
ఫీజు లేని సేవ నేను చేసేది అదొక్కటే.

ఇదే గదిల మా మేనమామ టైపు నేర్పేటోడు,
పదకొండు మిషన్లు, సందె దాంక వడగండ్ల వాన.
ఇప్పుడొక ప్రింటరు, ఒక స్టెబిలైజరు, నేను.

పనేందంటే ఏం చెప్పాలె?
జీఎస్టీ రిటర్నులు, సొసైటీల రిజిస్ట్రేషన్లు,
లోనుకు ప్రాజెక్టు రిపోర్టు.
ఇంకా పుట్టని లాభాన్ని ఐదేండ్ల దాంక పెంచుకుంట పోవుడు
కాగితం మీద నారు పోసినంత సులువు.
అది అబద్ధమని బ్యాంకు మేనేజరుకెరుక, నాకెరుక,
పిండిగిర్ని పెట్టిన సదయ్యకు ఒక్కనికే ఎరుకలేదు.
నా అంకెల్ని నమ్మిండు.
గిర్ని నడుస్తున్నది,
నా లెక్కన కాదు,
ఆయన తెల్లారగట్ల నాలుగింటికి లేచే లెక్కన.

మొన్న రాత్రి పదింటికి వచ్చిండు
మా డివిజన్ల నిలవడ్డాయన.
ఎనుక ముగ్గురు, ముగ్గురి చేతులల్ల ఫోన్లు.
"కమ్యూనికేషన్ గట్టిగుండాలె అన్నా" అన్నడు.
అంటే ఫోటో పెద్దగుండాలె అని.
కరపత్రం రాసిన:
నాలా పూడిక త్వరలో, పైపులైను త్వరలో,
వీధిదీపాలు త్వరలో.
అడ్వాన్సు ఇచ్చి పోయిండు.

తెల్లారి అదే బల్ల ముందట, అదే కుర్చీల
కొత్తవాడ ఆడెపు కౌసల్య కూసున్నది.
నిరుడు వానకు నాలా ఇంట్లకొచ్చింది,
నష్టపరిహారం రాలేదు, అర్జీ రాయమన్నది.
రాసిన. చెయ్యి అలవాటుపడ్డది కద,
"గౌరవనీయులైన కమిషనర్ గారి సముఖమునకు,
మేము తీవ్ర ఇబ్బందులకు గురియై..."

"అద్దాలు తేలేదు, నువ్వే చదువు" అన్నది.
చదివిన.
"ఇందుల నేనేడున్న?"

నేను ప్రింటరు దిక్కు చూసిన.

"నీళ్లు మగ్గం గుంతలకొచ్చినయని చెప్పిన.
నువ్వు ఇబ్బంది అని రాస్తివి.
ఇబ్బంది అంటే ఎంత లోతు బిడ్డా?"

ముప్పై ఏండ్ల సంది నేను రాసిన భాష
ఒక పెద్ద జంపఖానా అని అప్పుడు తోచింది.
ఎవ్వలొచ్చినా కప్పుత,
కింద ఎవ్వలున్నరో కనవడది.
కొట్టేసిన.
మళ్ల రాసిన ఆమె చెప్పినట్టే:
మోకాలు బంటి నీళ్లు.
నలభై రెండు కిలోల నూలు.
తొమ్మిది రోజులు ఆరలే.
ఎరుపు నీలంల కలిసి, నీలం పచ్చల కలిసి
అన్నీ బురద రంగైనయి.

ఆఖరుకు వేళ్లు వాటంతటవే కొట్టినయి,
త్వరలో న్యాయం చేయగలరని.
"త్వరలో తీసెయ్యి. తారీఖు పెట్టు."
"ఏ తారీఖు?"
"మిరుగం లోపట అని రాయి.
వాన ఆగుతదా, వాళ్ల త్వరలో కోసం?"

ఆమె కాగితం మడతపెడుతుంటె
నిలవడ్డాయనకు ఫోన్ చేసిన.
కరపత్రంల ఏడు చోట్ల త్వరలో ఉన్నది,
ఒక్క కాడన్న తారీఖు పెడుదమా అన్న.
నవ్విండు. "తారీఖు పెడితే దొరుకుతం గదనే!"
ఫోటో పెద్దగ చేసినవా అని అడిగిండు.
చేసిన అన్న.
అడ్వాన్సు జేబుల ఉన్నది మరి.

కౌసల్య ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టింది,
పదివి మూడు, మెత్తబడ్డ నోట్లు.
మెట్ల కాడికి పోయి తలెత్తింది.
"నీ బోర్డుల ఒక అక్షరం పోయినట్టుంది."

"త్వరల రాయిస్త" అన్న.

మూడో మెట్టు మీద ఆగింది.
ఎనుకకు చూసింది.